రికార్డులో రెండో ఊపిరి

పియెత్రావాల్లె,
1974 అక్టోబర్ 20, ఆదివారం

నా బంగారు పాన్ఫిలో,

ఎలా ఉన్నావు? ముందు నీ ఒంటి సంగతి రాయి, తక్కినవన్నీ తర్వాత. పన్ను పీకించుకున్న చోట వాపు తగ్గిందా? మీ ఇంటావిడ ఫ్రౌ గైసర్ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆవిడ పిల్లి మళ్ళీ కిటికీలోంచి పడలేదు కదా? రికార్డింగు చేసే రూడికి నడుం పట్టు వదిలిందా? నీకు పాఠం చెప్పిన పెద్దాయనకి కంటి పొర తీశారా? నీ లూట్ వాయిద్యం వీపు మీద చీలిక వచ్చిందన్నావు, అది అతికిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వేళ్ళూ, ఎడమ తుంటీ, మెట్లు ఎక్కితే వచ్చే దడా మినహా నాకేం లేదు.

నీ రికార్డు గురువారం వచ్చింది. పోస్టుమాన్ దాన్ని సైకిలు వెనక కట్టుకొచ్చాడు, విరిగిందేమోనని విప్పేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. విరగలేదు. అట్ట మీద నీ ఫొటో చూశాను. సగం గుమ్మడికాయలాంటి ఆ లూట్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. నీ కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పడతాయి. పెట్టి చూశాను.

మన ఇంట్లో గ్రామఫోన్ లేదు కదా, మందుల షాపు దొన్న ఎర్మెలిందా ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ డాన్సు పాటలు పెట్టుకునే పెట్టె అది. చేతులు కడుక్కుని కూర్చున్నాను. పాట మొదలైంది. ఒక నిమిషం విని ఆవిడ, "ఏమే చెసీదియా, మీవాడి వెనక కుక్కలు పడ్డాయా? నాలుగు వందల ఏళ్ళ నాటి పాట ఇంకో నాలుగు నిమిషాలు ఆగలేదా?" అంది. నాకు నవ్వు రాలేదు. నేను పాట వినడం లేదు పాన్ఫిలో, నీ ఊపిరి వింటున్నాను. తీగల మధ్యలోంచి స్పష్టంగా వినపడుతోంది. ఉఫ్ ఉఫ్ మని, పరిగెత్తిన మేక రొప్పినట్టు.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మీ నాన్న చివరి రెండు చలికాలాలూ మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టినదాన్ని. ఇరవై ఏళ్ళు తీగల కార్ఖానాలో, గంధకం గదిలో గొర్రె పేగు తీగలకి పొగ పట్టించి, ఆ పొగంతా తన ఛాతీలో దాచుకుని పోయాడు నా తమ్ముడు. నువ్వు ఆ గది గడప తొక్కకుండా ఉండాలనే కదా పదహారేళ్ళకే నిన్ను తీగల మూటతో సరిహద్దు దాటించి బాసెల్ పంపించాను. ఆగస్టులో వస్తానని రాలేదు. వేలికి దెబ్బ అన్నావు. వేలు కాదు అది, ఛాతీ. ఒంట్లో బాగోక రాలేదు, నాతో చెప్పలేదు.

నిజం రాయి. నేను తట్టుకోగలను. తట్టుకోలేకపోయినా రాయి.

నిద్ర మానుకుని కూర్చున్న నీ అత్త,
చెసీదియా

---

బాసెల్,
1974 అక్టోబర్ 29

అత్తా,

నువ్వు కోప్పడకపోతే ఒక మాట అడుగుతాను. దొన్న ఎర్మెలిందా గ్రామఫోన్ పక్కన చిన్న మీట ఉంటుంది. అది నలభై ఐదు మీద ఉందా, ముప్పై మూడు మీద ఉందా? డాన్సు పాటల చిన్న రికార్డులు నలభై ఐదు మీద తిరుగుతాయి. నాది పెద్ద రికార్డు, ముప్పై మూడు మీద తిరగాలి. మీరిద్దరూ నన్ను కొండ ఎక్కించి పరిగెత్తించారు!

మీట మార్చి విను. నేను రొప్పడం లేదు.

ఊపిరి వినపడటం మాత్రం నిజమే, అది జబ్బు కాదు. లూట్ గొంతు చాలా చిన్నది. పక్క గదిలో గిన్నె పెట్టినా దాన్ని మింగేస్తుంది. అందుకని మైకుని నా గడ్డం దగ్గరికి జరుపుతారు. ఎవరి లూట్ రికార్డు తీసుకున్నా వాయించేవాడి ఊపిరి ఉంటుంది, వేళ్ళ గీరుడు ఉంటుంది, కుర్చీ కిర్రుమనడం ఉంటుంది. రికార్డింగు ఒక పాత రాతి గుడిలో జరిగింది. రూడి అయితే పాపం అక్కడ పాదిరీ బట్టలు మార్చుకునే గదిలో తలుపు మూసుకుని, చెవులకి డిప్పలు పెట్టుకుని, నా కడుపులో గుడగుడలు కూడా విన్నానంటాడు. మొదటి వైపు పాతకాలం పాటలు, ఫిబ్రవరిలో నాలుగు రోజులు పట్టింది. రెండో వైపు తర్వాతి కాలానివి, పదమూడు జతల తీగలున్న పెద్ద లూట్ మీద మే నెలలో ఒక్క రోజులో అయింది.

పన్ను వాపు తగ్గింది. పిల్లి బాగుంది. రూడి నడుము వంగుతోంది. పెద్దాయన ఇప్పుడు నన్ను గుర్తుపట్టి మరీ తిడుతున్నాడు. చీలిక అతికింది. మొదటి లూట్ మీద సన్న తీగలన్నీ నువ్వు పంపినవే.

నీ మేనల్లుడు, రొప్పని
పాన్ఫిలో

---

పియెత్రావాల్లె,
1974 నవంబర్ 6

నాన్నా పాన్ఫిలో,

ఫ్రౌ గైసర్ మోకాళ్ళ సంగతి రాయలేదు. చెప్పుకోలేనంతగా ఉన్నాయేమో అనుకున్నాను.

మీట నలభై ఐదు మీదే ఉంది. దొన్న ఎర్మెలిందాకి ఆ సంగతి చెబితే, "మీవాడు నిదానస్తుడని ముందే చెప్పొచ్చుగా" అంది. ముప్పై మూడుకి మార్చాం. ఇంక ఏం చెప్పను! ఆ గదిలో గోడలు కూడా మెత్తబడ్డాయి. ఆవిడ అల్లిక ఆపేసి ఒళ్ళో పడేసుకుంది. మూడో జతలో సన్నది నేను పురి పెట్టినదే, పలకగానే తెలిసిపోయింది. మన గొర్రె కొండ గడ్డి తిన్న గొర్రె, దాని గొంతు వేరు. నీ ఊపిరి కూడా నిదానంగా, లోతుగా, చిన్నప్పుడు నా పక్కన పడుకున్నప్పటిలాగే ఉంది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

కానీ నాన్నా, మూడోసారి విన్నప్పుడు పావానా దగ్గర, అదే ఆ నెమ్మది నాట్యం పాట దగ్గర, నాకు ఇంకో ఊపిరి వినపడింది. నీది దిగుతుంటే అది ఎక్కుతోంది. పొట్టిగా, పైపైన, గొంతు దగ్గరే ఆగిపోతోంది. దొన్న ఎర్మెలిందాని అడిగితే, "నాకు వినపడలేదు. నువ్వు చచ్చినవాళ్ళ ఊపిరి కూడా వింటావు" అంది. పెట్టె గుడ్డకి చెవి ఆనించి విన్నాను. ఉంది.

మీ నాన్నకి చివర్లో ఇలాగే ఉండేది. ముక్కులోంచి ఒకటి, లోపల ఈలలాగా ఇంకొకటి. ఒక ఛాతీలోంచి రెండు ఊపిరులు వస్తున్నాయంటే లోపల చీలిక పడ్డట్టే. లూట్ చీలిక అతికించుకున్నావు, దీన్ని ఎవరు అతికిస్తారు? డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ ఫొటో తీసే యంత్రం ముందు చొక్కా విప్పి నిలబడు, సిగ్గుపడకు.

గొంతుల దేవుడు సాన్ బియాజోకి కొవ్వొత్తి మొక్కుకున్నాను. రెండు మొక్కుకున్నాను, ఊపిరికొకటి.

చెసీదియా అత్త

---

బాసెల్,
1974 నవంబర్ 15

అత్తా,

ఫ్రౌ గైసర్ నిన్న మెట్ల మీద నుంచి పిల్లి వెనక పరిగెత్తడం నా కళ్ళతో చూశాను. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

ఆ రెండో ఊపిరి రూడిది. మనిషి లావు, చలికాలం ముక్కు దిబ్బడ, అందుకని పైపైనే పీలుస్తాడు. అంతే. నాకు చీలికా లేదు, ఈలా లేదు. ఇంకెవరికీ వినపడనిది నీకే వినపడింది కాబట్టి, కంపెనీవాళ్ళు నిన్ను ఉద్యోగంలో పెట్టుకుంటే బాగుండు.

సాన్ బియాజో గుడిదాకా చెప్పుల్లేకుండా నడవకు. నాకు పన్ను నొప్పి అన్నందుకే తొమ్మిది రోజులు నడిచావని, మన ఊళ్ళో ఫోన్ ఉన్న ఆ కాఫీ బార్ అతను చెప్పాడు. నీకు నేరుగా ఫోన్ చేద్దామంటే, బార్ నుంచి కబురొస్తే చాలు నేను చచ్చిపోయానని ఏడ్చుకుంటూ వస్తావట.

పని ఎక్కువగా ఉంది, తక్కువ రాస్తున్నాను.

పాన్ఫిలో

---

పియెత్రావాల్లె,
1974 నవంబర్ 24, ఆదివారం

నాన్నా,

నువ్వు చెప్పాక మనసు కొంచెం కుదుట పడింది. కానీ పాపం ఆ రూడి! ఎవరో ఒకరి కన్నబిడ్డే కదా. అలాంటి ఊపిరితో ఫిబ్రవరి చలిలో రాతి గుడిలో నాలుగు రోజులు కూర్చోబెట్టావా? పెళ్ళాం లేదా అతనికి? ఉంటే ఆమెకి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఈ పార్శిల్లో ఎండు అంజీరాలు, మన తేనె ఒక సీసా, కొండ మీద కోసి ఎండబెట్టిన, దగ్గుకి కాచే మెత్తాకు ఉన్నాయి. ఆకు మరిగించి గుడ్డలో వడకట్టాలి, నూగు గొంతులో పడితే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. ఉన్ని పట్టీ ఛాతీకి చుట్టుకోమను. అది మీ నాన్నది, అయినా ఉతికాను.

నీకేం పంపలేదని అనుకోకు. జున్ను ముక్క నీదే. రూడికి పెట్టకు, కఫం చేస్తుంది.

రాత్రి పడుకున్నాక ఒక సందేహం వచ్చింది. రూడి వేరే గదిలో, తలుపు మూసుకుని కూర్చుంటాడని నువ్వే రాశావు. మరి అతని ఊపిరి నీ మైకులోకి ఎలా వచ్చింది? నాకు పెద్ద చదువు లేదు, యంత్రాల సంగతి తెలియదు. తలుపు సందులోంచి వచ్చి ఉంటుంది అనుకుని పడుకున్నాను. పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు.

చెసీదియా

---

బాసెల్,
1974 డిసెంబర్ 3

అత్తా,

పార్శిల్ అందింది. రూడి అంజీరాలన్నీ నిలబడే తినేశాడు. ఉన్ని పట్టీ అతనికి ముప్పావు చుట్టే వచ్చింది. ఎందుకు పంపావని అడిగాడు. మా అత్తకి నీ ఊపిరి మీద బెంగ అని చెప్పాను. తెల్లమొహం వేసి, తేనె కూడా తీసుకున్నాడు.

తలుపు సంగతి తర్వాత రాస్తాను.

ఇక్కడ ఒక చికాకు వచ్చి పడింది. పేపర్లో రికార్డు గురించి రాశారు. అంతా బాగుందట, పావానా ఒక్కటి కుంటుతోందట. వాయించేవాడు ఎందుకో ప్రతి పాదం చివరా ఎవరి కోసమో ఆగుతున్నట్టుందట. అది చదివి కంపెనీవాళ్ళు, రెండోసారి అచ్చువేసేటప్పుడు ఆ ఒక్క పాటా మళ్ళీ వాయించి అతికిద్దాం, ఊపిరులూ తగ్గుతాయి అని జనవరిలో రమ్మంటున్నారు. ఒక పూట పని. ఎందుకో వెళ్ళబుద్ధి కావడం లేదు. వెళ్ళనని చెప్పడానికి కారణమూ లేదు.

క్రిస్మస్‌కి రాలేనత్తా. మన్నించు. వేసవికి చూద్దాం.

పాన్ఫిలో

---

పియెత్రావాల్లె,
1974 డిసెంబర్ 13, సాంత లుచీయా పండగ

పాన్ఫిలో,

ఈసారి ఎవరి ఒంటి సంగతీ అడగను. అడగవలసినవాళ్ళ పేర్లు నువ్వు నాకు చెప్పలేదు.

నీ ఉత్తరం పట్టుకుని దొన్న ఎర్మెలిందా ఇంటికి వెళ్ళాను. కుంటుతోందన్నారు కదా, ఎక్కడ కుంటుతోందో చూద్దామని. పావానా పెట్టించాను. వినీ వినీ, నాకు తెలియకుండానే లేచి నిలబడి చేతులు ముందుకి చాపాను, కార్ఖానాలో పేగు కొస పట్టుకున్నట్టు. కళ్ళు మూసుకుని పాటతో పాటు పురి పెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ హడలిపోయింది. "కూర్చోవే, పక్షవాతం గాని రాలేదు కదా!" అంది. నేను కూర్చోలేదు. నాకు అవతలి కొస తగిలింది పాన్ఫిలో. అవతల ఎవరో పట్టుకుని ఉన్నారు.

నువ్వు కార్ఖానా తెలిసినవాడివి, అయినా ఆడవాళ్ళ వైపు సంగతి నీకు తెలియదు. పొడుగు తీగకి ఇద్దరం ఉండేవాళ్ళం, చెరో కొసా. ఇరవై రెండేళ్ళు నా అవతల ఆమాబిలే ఉండేది. తడి పేగుని లాగుతూ పురి పెట్టేటప్పుడు ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చాలి, ఒక్కసారే వదలాలి. లేకపోతే తీగ ఒకచోట లావు, ఒకచోట సన్నం. అలాంటిదాన్ని తప్పిన తీగ అంటాం, వాయిద్యానికి పనికిరాదు. ఒక ఏడాది వసంతంలో వారం రోజుల పాటు మా తీగలన్నీ తప్పాయి. మేస్త్రీ వచ్చాడు. తీగ వేళ్ళ మధ్య జరిపి చూసి, కోప్పడలేదు. "మీ ఇద్దరిలో ఎవరికి నెల తప్పింది?" అన్నాడు. ఆమాబిలే మొహం ఎర్రబడింది. ఆమె మొగుడికి కూడా ఇంకా తెలియదు. కడుపుతో ఉన్నదాని ఊపిరి పొట్టిదవుతుంది, పైపైకి వస్తుంది, కింద చోటు ఉండదు కదా. ఆ తర్వాత నేనే నా ఊపిరి మార్చుకున్నాను. ఆమె పీల్చేదాకా ఆగి పీల్చేదాన్ని, ఆమె వదిలేదాకా ఆగి వదిలేదాన్ని. తీగ మళ్ళీ కుదిరింది. ఆమె నలుగురిని కన్నది, నాలుగుసార్లూ అలాగే చేశాను. నావైపు నుంచి తీగ ఎప్పుడూ తప్పలేదు.

నువ్వు కుంటడం లేదు నాన్నా. నువ్వు ఆమె ఊపిరి కోసం ఆగుతున్నావు. పేపరువాడికి అది ఎలా తెలుస్తుంది?

రెండో వైపు తిప్పించాను. అది మే నెలలో వాయించానన్నావు. అందులో ఆ ఊపిరి లేదు. నీదొక్కటే ఉంది, అది కూడా తొందరగా, ఎప్పుడు అయిపోతుందా ఎప్పుడు ఇంటికి పరిగెడదామా అన్నట్టు ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఫిబ్రవరిలో కాన్పుకి రెండు మూడు నెలలు ఉండేటట్టు ఉంది ఆ ఊపిరి. మేలో ఆమె మంచం మీద ఉంది. ఆగస్టులో నీ వేలికి ఏ దెబ్బా తగల్లేదు.

ఆ బిడ్డకి ఇప్పుడు పళ్ళు వస్తుండాలి.

సుల్మోనా వెళ్ళే బండి శనివారం ఉంది. పేరు పెట్టిన పండక్కి పంచే చక్కెర బాదంపప్పులు కొనాలి. ఊపిరి విని ఆడో మగో చెప్పడం నాకు చేతకాదు. గులాబీ రంగువి కొనాలా, నీలం రంగువి కొనాలా? ఆ ఒక్క ముక్కా రాయి.

ఆ పాట మళ్ళీ వాయించకు.

అత్త

---

బాసెల్,
1974 డిసెంబర్ 20

అత్తా,

గులాబీ రంగువి.

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. తర్వాత వెరేనాకి మన భాష నుంచి వాళ్ళ భాషలోకి మార్చి వినిపించాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాలుగు రోజులూ ఊపిరి బిగబట్టే కూర్చున్నాననుకున్నానే!" అంది. నాకు కాగితాలు తిప్పడానికి వచ్చేది. చెప్పుల చప్పుడు రాకుండా రూడి ఆమెకి ఉన్ని జోళ్ళు ఇచ్చి, స్తంభం పక్కన కూర్చోబెట్టాడు. అతనికి చెవుల డిప్పల్లో ఏదో వినపడింది గాని కుంపటి అనుకున్నాడట. నువ్వు మాత్రం ఎన్నో నెలో కూడా చెప్పావు.

వెరేనా పాత రాతప్రతుల్లోంచి లూట్ పాటలు నకలు తీస్తుంది. ముప్పై నాలుగేళ్ళు. ఒకసారి పెళ్ళయి విడిపోయింది, వాళ్ళ మతం వేరు, మన పాదిరీ మాకు పెళ్ళి చెయ్యడు. పాప మే తొమ్మిదిన పుట్టింది. పేరు లీవియా చెసీదియా. రెండో పేరు రాసుకోవడానికి ఆఫీసులో గుమాస్తా మూడుసార్లు అక్షరాలు అడిగాడు. కింద రెండు పళ్ళు వచ్చాయి. నీ లెక్క కరెక్టే.

ఊరివాళ్ళకి భయపడి దాచానని అనుకుంటున్నావేమో. ఊళ్ళో వాళ్ళు ఏమన్నా అనుకోనీ. నేను భయపడింది నీకు. అంటే నీ తిట్లకి కాదు, నీ బెంగకి. కడుపుతో ఉందని చెబితే కాన్పు అయ్యేదాకా నువ్వు తిండి మానేస్తావు. కాన్పు అయ్యాక రాద్దామనుకున్నాను, పాపకి కామెర్లు వచ్చాయి. తగ్గాక రాద్దామనుకున్నాను, జ్వరం వచ్చింది. అంతా బాగున్న రోజు చూసి రాద్దామనుకుంటే పసిబిడ్డ ఉన్న ఇంట్లో అలాంటి రోజు రాదని ఇప్పుడు తెలిసింది. ఇంతలో దాచినదే పెద్దదైపోయింది. రూడి మీద అబద్ధం కూడా చెప్పాను. అతనికి నిజం చెప్పేశాను. అంజీరాలు తిరిగివ్వనన్నాడు.

నీ మాట మీద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చొక్కా విప్పి యంత్రం ముందు నిలబడ్డాను. ఛాతీ శుభ్రంగా ఉంది, నాన్న గుర్తు ఒక్కటి కూడా లేదు. ఆ కాగితం ఇందులో పెట్టాను. అది ఇక్కడి భాషలో ఉంది, నువ్వు చదవలేవు గాని ఎవరితోనైనా చదివించుకో.

పావానా మళ్ళీ వాయించనని కంపెనీకి చెప్పేశాను. ఎందుకని అడిగారు. మా అత్త ఒప్పుకోలేదన్నాను.

ఒక ఆలోచన వచ్చింది. రూడి దగ్గర చిన్న టేపు యంత్రం ఉంది. పాప నిద్రలో ఊపిరి తీసేది, ఏడ్చేది, కేరింతలు కొట్టేది టేపు చేసి పంపమంటావా? ఏడుపు మొదలుపెడితే పక్కింటివాళ్ళు గోడ బాదుతారు, ఛాతీ అంత గట్టిది.

కోపమొచ్చిందా అత్తా? ఒక్క ముక్క రాయి.

నీ పాన్ఫిలో

---

పియెత్రావాల్లె,
1975 జనవరి 19, ఆదివారం

పాన్ఫిలో, వెరేనా, పాప లీవియా, ముగ్గురికీ,

ముగ్గురూ ఎలా ఉన్నారు? వెరేనాకి పాలు పడుతున్నాయా? నడుం కట్టు కట్టుకుంటోందా? పాపకి పై పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు అవుతాయి, కంగారు పడకండి, నేను పడతాను.

కోపం వచ్చింది. ఎందుకు రాదు? రెండు రోజులు వచ్చింది. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి దానితో మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ తీసి చదివితే, నా బెంగకి భయపడ్డానన్న ముక్క దగ్గర ఆగిపోయాను. ఒరేయ్, బెంగపడటం నా పని. చిన్నప్పటి నుంచీ అదే చేస్తున్నాను, బాగా చేతనవును. నాకు తెలియకుండా నా పని నువ్వెందుకు తీసుకున్నావు? కామెర్లు వచ్చినప్పుడు మీరిద్దరే కూర్చున్నారు. నేను ఇక్కడ రూడి ముక్కు దిబ్బడ కోసం ఏడుస్తూ కూర్చున్నాను. ఆ ఏడుపేదో సరైన చోట ఏడ్చేదాన్ని కదా.

పాదిరీ దోన్ విన్చెంజో సంగతి నువ్వు ఆలోచించకు. ఆయన అడిగాడు, "చెసీదియా, సుల్మోనా నుంచి గులాబీ బాదంపప్పులు తెచ్చావట, ఎవరికి?" అని. నా మేనల్లుడి కూతురికి అన్నాను. "పెళ్ళెప్పుడయింది?" అన్నాడు. ఫిబ్రవరిలో, ఒక గుడిలో, నాలుగు రోజుల పాటు జరిగింది, కావాలంటే రికార్డు ఉంది, వినండి అన్నాను. దొన్న ఎర్మెలిందా పక్కనే ఉండి నవ్వాపుకోలేక దగ్గింది. ఆ దగ్గు మంచి దగ్గు కాదు, ఆవిడకి కూడా ఆకు ఇవ్వాలి.

డాక్టరు కాగితం మందుల షాపులో కొత్తగా చేరిన కుర్రాడు చదివాడు. నాలుగుసార్లు చదివించాను. మీ నాన్న ఫొటో వెనక పెట్టాను, ఆయనకి తెలియాలని.

టేపు వద్దు. పాన్ఫిలో, నీకు నా మీద ప్రేమ ఉందని నాకు తెలుసు, కానీ టేపు పంపకు. పసిబిడ్డ ఊపిరి వీపు మీద చెవి పెట్టి వినాలి, భుజం రెక్కల మధ్య, బిడ్డ నిద్రపోతున్నప్పుడు. ఆ వెచ్చదనం టేపులో రాదు. మీ నాన్నది ఆలస్యంగా విన్నాను. ఈసారి ముందే వినాలి. పాపని ఈ మంచులో ఇక్కడికి తీసుకురావద్దు.

నేనే వస్తాను.

చదివింది మళ్ళీ చదువుకోకు, తప్పు రాయలేదు. ఈ లోయ దాటి నేను వెళ్ళిన దూరం పెస్కారా, అది కూడా రెండుసార్లు, రెండుసార్లూ వాంతులయ్యాయి. గుర్తింపు కార్డు కోసం ఫొటో దిగాను, అందులో దొంగలాగా ఉన్నాను, సరిహద్దులో ఆపేస్తారేమో. మిలానోలో బండి మారాలట. తప్పు బండి ఎక్కితే? పక్కన కూర్చున్నవాడు మంచివాడు కాకపోతే? సొరంగంలో బండి ఆగిపోతే? అక్కడి భాషలో నీళ్ళని ఏమంటారు? వెరేనాని అడిగి రాయి. ఆమాబిలే చిన్న కొడుకు రైల్వేలో పని చేస్తున్నాడు, మిలానో దాకా తోడు వచ్చి రెండో బండిలో కూర్చోబెడతానన్నాడు. వాడి తల్లి కడుపులో ఉన్నప్పుడు వాడి ఊపిరికి నేను ఆగాను, ఇప్పుడు వాడు నా కోసం ఆగొచ్చు.

ఫిబ్రవరి మూడు సాన్ బియాజో పండగ. ఆ రోజు గొంతుకి రెండు కొవ్వొత్తులు ఆనించి దీవిస్తారు కదా, ఆ కొవ్వొత్తులు అడిగి తెస్తాను. తన మతం వేరైనా వెరేనా గొంతుకి ఏమీ కాదు, ఊరికే ఆనిస్తాను. జున్ను తెస్తున్నాను. గులాబీ బాదంపప్పులతో పాటు తెల్లవి కూడా అరకిలో కొన్నాను. పెళ్ళికి పంచేవి. ఎందుకు కొన్నావని అడగవద్దు, పాడయ్యేవి కావు.

స్టేషన్‌కి నువ్వు రాకు, నువ్వు ఏడుస్తావు. వెరేనాని రమ్మను. ఆమె మొహం నాకు తెలియదు. అయినా ఫరవాలేదు, నల్ల శాలువా కప్పుకుని, బండి దిగిన చోటే కదలకుండా నిలబడి ఉంటాను.

వెరేనాకి, పాపకి ముద్దులు. నీకు కూడా, కొంచెం కోపం ఉన్నా.

మీ అత్త
చెసీదియా

రాయడమే మరిచాను, కవరు మళ్ళీ విప్పాను. తారీకు వెయ్యలేదు. మార్చి ఎనిమిది, శనివారం, మధ్యాహ్నం రెండింటికి బాసెల్ చేరే బండి.